ఏడింటికి నెట్టు మింగే దెయ్యం

మైపాడు పోయే రోడ్డులో ఉప్పుకాలవ దాటినాక, ఎడమ చేతి పక్క ఒక పాడుబడిన ఐసు ఫ్యాక్టరీ ఉంది. పొద్దుగుంకినాక అటు పోవద్దండి. వినేవాళ్లు వినండి, విననోళ్ల ఖర్మ.

ఒకప్పుడు పడవల్లో వచ్చిన చేపలకి అక్కడే ఐసు ఎత్తేవాళ్లు. మూతబడి తొమ్మిదేళ్లయింది. పైన రేకులు సగం లేవు, గేటుకి ఒక రెక్క లేదు. లారీలకి ఐసు ఎత్తే పొడుగాటి అరుగు మాత్రం చెక్కు చెదరలా. ఆ అరుగు మీదే ఉంటుందంట... అది.

ఏది అని అడిగితే మాత్రం ఒక్కో వీధిది ఒక్కో మాట. పడమటి వీధిలో తెల్లచీర ఆడమనిషి అంటారు. బడి వీధిలో చేతుల్లేని ఐసు కూలోడు అంటారు. మసీదు వీధిలో అయితే అసలు మనిషే లేదు — ఒట్టి మొహం, గాల్లో... నీలంగా. విచిత్రం ఏందంటే, ఫ్యాక్టరీ మూతబడిన ఏడేళ్ల దాకా అక్కడ కుక్కలూ మేకలూ తప్ప ఎవురికీ ఏమీ కనపడలా. దెయ్యం వచ్చి రెండేళ్లే. అంతకు ముందు అది యాడ కాపరం ఉండిందో ఎవురూ అడగలా.

సరే, ఉషారాణికి జరిగింది విన్నది విన్నట్టు చెప్తా. నమ్మితే నమ్మండి.

ఉషారాణి హజరత్తయ్య కోడలు. హజరత్తయ్యకి రెండు రొయ్యల గుంటలు, ఒక మిద్దె ఇల్లు, ఎవుర్నీ నమ్మని బుద్ధి ఉన్నాయి. రెండేళ్ల కిందట వరండాలో తోమి బోర్లించిన స్టీలు బిందె ఒకటి పోయింది. మరుసటి రోజు గేటు మీద కెమెరా వెలిసింది. గేటు మీద కెమెరా ఉంటే దొంగ గోడ దూకుతాడు కదా అని గోడ మీదొకటి. గోడ దూకినోడు గేదెని ఇప్పుకుపోతే? కొట్టంలో ఒకటి. కొబ్బరిచెట్టు ఎక్కితే? నీళ్ల ట్యాంకులో ఏమన్నా కలిపితే? అట్టా అట్టా పదయినాయి. ఆ పది కెమెరాల బొమ్మంతా దాచుకునే పెట్టె హాల్లో ఉంది. ఆ పెట్టెనే ఎత్తుకుపోతే? హాల్లో పదకొండోది.

ఆర్నెల్లకి ఆ బిందె పక్కింటి కామాక్షమ్మ వంటింట్లో దొరికింది. హజరత్తయ్య భార్య మస్తానమ్మే సీమంతానికి ఎరువిచ్చి మర్చిపోయిందంట. బిందె ఇంటికొచ్చింది గానీ కెమెరా ఒక్కటీ దిగలా. ఊళ్లోవాళ్లు ఊరుకుంటారా? హజరత్తయ్యకి పదకొండు ఉంటే మనకి నాలుగన్నా లేకపోతే దొంగలు మనింటికే కదా వచ్చేది అని, ఇంటింటికీ కళ్లు మొలిచినాయి.

అదే రోజుల్లో, సాయంత్రం ఏడయితే చాలు, ఊళ్లో నెట్టు చచ్చిపోయేది.

సెల్లు సిగ్నలు ఆ ఊళ్లో మొదట్నించీ అంతంతమాత్రమే. మిద్దె ఎక్కితే ఒక గీత. అందుకే అందరూ ఇంటికి వైరు నెట్టు పెట్టించుకున్నారు. పగలంతా గుర్రంలాగా పోయే నెట్టు, ఏడు దాటి పది నిమిషాలకి ఠక్కున ఆగేది. తొమ్మిదికి దానంతట అదే లేచేది. ఐసు ఫ్యాక్టరీ దెయ్యం కూడా ఆ టైంలోనే తిరుగుతుందంటారు కదా... రెంటికీ ముడి పెట్టేదానికి ఊళ్లోవాళ్లకి ఎంతసేపు?

"అది నెట్టు మింగుతుందిమే," అనేది మస్తానమ్మ. "మనుషుల నెత్తురు తాగే రోజులు పోయినాయి."

నవ్వొస్తుంది కదా. ఉషారాణికి నవ్వు రాలా.

పెళ్లికి ముందు ఆ పిల్ల నెల్లూర్లో ఒక ఆఫీసులో కంప్యూటరు కాడ పనిచేసేది. పెళ్లయినాక అది మానుకుంది. మొగుడు హరినాథ్ పోర్టులో డ్యూటీ, వారానికొకసారి ఇంటికొస్తాడు. నాలుగు గోడలు, మూడు పూటల వంట, పైన పదకొండు కళ్లు. ఆర్నెల్ల నుంచి పట్టుబట్టి ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగం కోసం ప్రయత్నం చేస్తా ఉంది. విదేశాల్లో ఆసుపత్రుల కాగితాలు చదివి సరిచూసే పని. రెండు పరీక్షలు నెగ్గింది. ఇంక వీడియో ఇంటర్వ్యూ ఒక్కటే. అదేమో సాయంత్రం ఏడూ పదికి, అవతలి వాళ్లకి అప్పుడే తెల్లవారేది.

మొదటిసారి నమస్కారం పెట్టేలోపల లైను తెగింది. రెండోసారి నమస్కారం పెట్టింది, పేరు చెప్పేలోపల తెగింది.

చెన్నై నుంచి ఎలిశబెతు అనే మేడం మెత్తగానే చెప్పింది. "గురువారం ఇంకొక్కసారి చూస్తామమ్మా. ఈసారి కూడా తెగితే ఇంక వేరేవాళ్లని తీసుకుంటాం. ఇంటి నుంచి చేసే పని కదా, ఇంట్లో నెట్టే లేకపోతే ఎట్టా?"

ఆ మాటకి ఉషారాణి వంటింట్లోకి పోయి ఏడ్చింది. కెమెరా కన్ను పడని చోటు అది.

మంగళవారం ఆఫ్తాబ్‌ని పిలిపించింది. చోటే సాహెబ్ కొడుకు, ఊరందరికీ నెట్టు వైరు లాగేది ఆ అబ్బాయే. ఏడింటికి ముందే వచ్చి హాల్లో లాప్‌టాప్ తెరిచి కూర్చున్నాడు. మస్తానమ్మ అప్పటికే నెట్టు డబ్బాకి నిమ్మకాయా, ఎండు మిరపకాయలూ, దర్గా నుంచి తెచ్చిన తాయెత్తూ కట్టి పెట్టింది. హజరత్తయ్య ఎప్పట్లాగే గుంట కాడికి పోయినాడు. రొయ్యలు మేత తిన్నాయో లేదో రోజూ ఆ టైంలో ఆయన కళ్లారా చూడాల్సిందే.

ఏడయింది. ఏడూ ఐదు... ఏడూ పది...

డబ్బా మీద పచ్చలైటు ఒకటి టపటపా కొట్టుకుంది. ఉషారాణి ఫోన్లో పాడే పాట నడిమధ్యలో ఆగిపోయింది.

"వచ్చింది," అన్నది మస్తానమ్మ గుసగుసగా.

ఆఫ్తాబ్ తెర మీదికి వంగినాడు. "దెయ్యం కాదు పెద్దమ్మా. మీ కెమెరాలే."

"కెమెరాలు పొద్దున కూడా ఉన్నాయి కదబ్బయా. అప్పుడు లేని రోగం ఇప్పుడేంది?"

"ఊరికే ఉంటే ఏం కాదు. వాటి బొమ్మ ఇంట్లో పెట్టెలోనే దాచుకుంటాయి. బయట నుంచి ఎవురన్నా ఫోన్లో తెరిచి చూసినారనుకో, ఆ బొమ్మంతా ఈ వైరు మీదనే బయటికి పోవాల. నెట్టు లోపలికొచ్చే దారి వెడల్పు, బయటికి పోయే దారి సన్నం. పదకొండూ ఒక్కసారే ఆ సందులో దూరితే ఇంక వేరే ఏదీ కదల్లేదు."

అని ఆగినాడు. తెర మళ్లీ చూసినాడు. ఆ అబ్బాయి గొంతు కూడా తగ్గిపోయింది.

"అక్కా... ఇప్పుడు, ఈ నిమిషంలో... మీ పదకొండు కెమెరాలూ ఎవురో తెరిచి చూస్తా ఉండారు."

ముగ్గురూ మెల్లగా తలెత్తి గోడ మీదికి చూసినారు. అక్కడ చిన్న ఎర్రలైటు వెలుగుతా ఉంది.

"హాల్లో దాంతో కలిపేనా?"

"దాంతో కలిపే."

మస్తానమ్మ పైట సర్దుకుంది.

తొమ్మిదికి హజరత్తయ్య ఇంటికొచ్చి ఆ మాట విన్నాడు. కంచం ముందర కూర్చున్న మనిషి అన్నం కలపడం మర్చిపోయినాడు. "రోజూ చూస్తా ఉండారంటనా? ఆ పిలగాడికి అట్టా కూడా తెలిసిపోతుందా?"

"పాస్‌వర్డు మీకొక్కరికే కదా తెలుసు మామా," అన్నది ఉషారాణి.

"నేను గుంట కాడుంటా. అక్కడ సిగ్నలు యాడుందమ్మాయ్?" ఆయన గోడకేసి చూసి, గొంతు తగ్గించినాడు. "ఇది ఆ ఐసు ఫ్యాక్టరీదే. నేను కళ్లారా చూసినా. అరుగు మీద... నీలం మొహం. మీరెవురూ అటు పోవద్దు."

ఉషారాణికి మనసులో ఒక అనుమానం తొంగిచూసింది. కానీ గుంట కాడ సిగ్నలు రాదనేది ఊరందరికీ తెలిసిన నిజమే. అయినా మామని అనుమానించేదాని కంటే దెయ్యాన్ని అనుమానించడం కోడలికి మర్యాద కదా, ఊరుకుంది.

"గురువారం ఒక్క గంట కెమెరాలు పీకేద్దాం మామా," అని మాత్రం అడిగింది.

"దెయ్యం తిరిగే టైంలోనా?" అని అత్తామామా ఒక్కసారే అరిచినారు. కెమెరాల స్విచ్చులుండే పెట్టెకి తాళం, ఆ తాళంచెవి హజరత్తయ్య మొలతాడుకి. ఇంక చెప్పేదేముంది?

గురువారం వచ్చింది. కార్తీకం పోయి మార్గశిరం, ఆరింటికే చీకటి. మబ్బు. సముద్రం మీద నుంచి చల్లగాలి. ఉషారాణి ఇస్త్రీ చీర కట్టుకుని, జడేసుకుని, హాల్లో నెట్టు డబ్బా పక్కనే కుర్చీ వేసుకుంది.

"మామా, ఈ ఒక్క పూట గుంటకి పోవద్దు. ఇంట్లో మగమనిషుంటే నాకు ధైర్యంగా ఉంటుంది," అని బతిమాలింది.

"నేనెందుకమ్మాయ్? పదకొండు కెమెరాలుండాయి," అని హజరత్తయ్య టార్చిలైటు తీసుకుని వెళ్లిపోయినాడు.

ఆ రోజు పిలుపు ముందుగానే వచ్చింది, ఏడూ మూడుకి. తెర మీద ఎలిశబెతు మేడం, పక్క గడిలో విదేశం నుంచి ఇంకొకాయన. మొదటి ప్రశ్నకి బాగా చెప్పింది. రెండోదానికి ఇంకా బాగా చెప్పింది. ఆయన తలాడించినాడు. ఉషారాణి గుండెల్లో ఆశ పుట్టింది. మూడో ప్రశ్న అడగబోయి ఆయన నోరు తెరిచినాడు...

తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

డబ్బా మీద పచ్చలైటు టపటపా కొట్టుకుంటా ఉంది. ఏడూ పది.

చేతిలో ఫోను గుర్రుమంది. ఒకే గీత. ఎలిశబెతు మేడం గొంతు ముక్కలు ముక్కలుగా వచ్చింది. "...పది నిమిషాలు... ఉంటాం... మళ్లీ మేమే... చేస్తాం..." కట్.

మస్తానమ్మ కర్పూరం తెచ్చేలోపల ఉషారాణి గేటు దాటేసింది. చెప్పులు కూడా లేవు. కళ్లు ఫోను మీద, చెయ్యి ఆకాశంలోకి. యాడన్నా ఒక్క గీత... ఇంకొక్క గీత...

గేటు కాడ ఒకటే. బడి మలుపులో ఒకటే. పడమటి వీధిలోకి తిరిగితే అదీ పోయింది. వెనక్కొచ్చి రోడ్డెక్కింది. మైపాడు దిక్కు నాలుగడుగులు వేసింది — రెండో గీత మొలిచింది.

ఇంకా నడిచింది. ఉప్పుకాలవ వంతెన. నీళ్లు నల్లగా ఉన్నాయి. రోడ్డు మీద మనిషి లేడు, బండి లేదు. మూడో గీత.

అప్పుడు తలెత్తి చూసింది. ఎదురుగా ఐసు ఫ్యాక్టరీ.

కాళ్లు అక్కడే ఆగిపోయినాయి. వెనక్కి ఒక్కడుగు వేసింది... రెండు గీతలు. ముందుకి వేసింది... మూడు. ఏడూ పదిహేడు. ఇంకో మూడు నిమిషాల్లో ఫోను మోగుతుంది. ఇంటికి పోతే వంటిల్లు. ముందుకి పోతే దెయ్యం.

"పోతే పోనీ," అనుకుంది ఉషారాణి. ఆ పిల్ల గుండె గట్టిది, ఒప్పుకోవాల.

గేటు రెక్క గాలికి కిర్రుమంది. లోపలికి నాలుగడుగులు. నాలుగో గీత.

అరుగు మీద... మొహాలు.

ఒకటి కాదు. రెండు కాదు. వరసగా తొమ్మిదో పదో. మెడలు లేవు, ఒళ్లు లేవు. చీకట్లో ఒట్టి మొహాలు తేలతా ఉన్నాయి... నీలంగా. అన్నీ తలలు వంచుకునే ఉన్నాయి. ఒక్కటీ కదల్లేదు.

అప్పుడు, ఆ చివరి మొహం చిన్నగా దగ్గి, గుసగుసలాడింది.

"కుర్చీలో లేదు... ఇందాక ఆడే ఉండింది... యాడికి పోయింది?... కుర్చీ ఖాళీ..."

కానీ ఆ గొంతు... ఆ దగ్గు...

"...మామా?"

మొహాలన్నీ ఒక్కసారి పైకి లేచినాయి. "అమ్మో, దెయ్యం!" అని అరిచింది ఉషారాణి కాదండీ, అరుగు మీదోళ్లే. ఒకాయన ఫోను జారిపోయి కింద పడింది. ఆ వెలుతుర్లో ఒక్కొక్కరే కనపడినారు. బడిలో లెక్కలు చెప్పే యెహోషువ సారు. నెట్టు అబ్బాయి నాయన చోటే సాహెబ్. పడమటి వీధి పెద్దమనుషులు ఆరుగురు. చివర్లో, గోనెసంచి పరుచుకుని, రెండు కాళ్లూ మడిచి పెట్టుకున్న హజరత్తయ్య. ఆయన ఫోన్లో పదకొండు గళ్లు. గేటు, గోడ, గేదె, కొబ్బరిచెట్టు, ట్యాంకు. పదకొండో గడిలో హాలు. నెట్టు డబ్బా, నిమ్మకాయ, ఉషారాణి లేచొచ్చిన ఖాళీ కుర్చీ.

"నువ్వీడుండావా అమ్మాయ్!" అన్నాడు హజరత్తయ్య గుండె మీద చెయ్యేసుకుని. "కుర్చీలో లేకపోయేసరికి దెయ్యం ఎత్తుకుపోయిందనుకున్నా."

"మీరు గుంట కాడ కదా ఉండేది?"

"గుంట కాడ సిగ్నలు యాడుంది? ఊళ్లో నాలుగు గీతలు పడేది ఈ అరుగు మీదే." నేల చూపులు చూసినాడు. "ఇల్లు చూసుకోకపోతే నాకు తోచదమ్మాయ్. ఇంట్లో కూర్చుని ఇల్లు చూస్తే ఏముంటుంది?"

"మరి దెయ్యం?"

యెహోషువ సారు గొంతు సవరించుకున్నాడు. "జనం పెరిగే కొద్దీ ఇక్కడ సిగ్నలు పల్చబడుతుందమ్మా. అందుకని ఎవరి వీధిలో వాళ్లం... రెండు మాటలు చెప్పి పెట్టాం. తెల్లచీర పడమటి వీధి వాళ్లది. చేతుల్లేని కూలోడు నాది."

ఉషారాణికి అంతా ఒక్క దెబ్బకి అర్థమైంది. వీళ్లందరూ ఇళ్లకి కాపలా కాసేదానికి ఇళ్లొదిలి ఇక్కడికొచ్చి కూర్చున్నారు. ఇక్కడ కూర్చుని చూడబట్టే అక్కడ నెట్టు చస్తా ఉంది. నెట్టు చచ్చిందని, దాన్ని దెయ్యం మింగిందని, మళ్లీ ఒక కెమెరా. రెండు ఇంటర్వ్యూలు ఈయన గోనెసంచి కిందే పోయినాయి. ఆ పిల్లకి కడుపు మండిపోయింది. నోరు తెరవబోయింది...

ఫోను మోగింది. వీడియో. బొమ్మ తెరుచుకోలేక గిరగిరా తిరుగుతా ఉంది.

"అందరూ ఆపండి," అన్నది. గొంతు పెద్దది కాదు గానీ అరుగంతా వినపడింది. "ఫోన్లన్నీ ఆపేయండి. మామా, మొదట మీరు. ఇది పోతే నాకింక ఇంకోటి లేదు."

హజరత్తయ్య ఒకసారి కోడలి మొహం చూసినాడు, ఒకసారి గేదెని చూసినాడు. ఫోను ఆపేసినాడు. పక్కన చోటే సాహెబ్ ఆపినాడు. ఆ పక్కన యెహోషువ సారు. మొహాలు ఒక్కొక్కటే ఆరిపోయినాయి. ఫ్యాక్టరీ మొత్తం కటిక చీకటి. ఆ చీకట్లో ఒక్క మొహమే మిగిలింది, ఉషారాణిది. తెల్లగా, గాల్లో తేలతా, గడగడా ఇంగ్లీషులో జవాబులు చెప్తా.

ఇరవై నిమిషాలు. అరుగు మీద ఎవురూ దగ్గలేదు, తుమ్మలేదు. దోమ కుట్టినా చెయ్యి లేపలేదు. హజరత్తయ్య అయితే ఊపిరి కూడా లెక్కపెట్టి పీల్చినాడంట.

ఎటొచ్చీ, కోడల్ని వెతుక్కుంటా మస్తానమ్మ, తోడుగా కామాక్షమ్మ, ఉప్పుకాలవ దాటి వచ్చినారు. గేటు సందులోంచి తొంగిచూసినారు. తెల్లటి మొహం... ఒక్కటే... పళ్లు కనపడేటట్టు నవ్వతా, "థాంక్యూ, థాంక్యూ సో మచ్," అంటా ఉంది.

ఇద్దరాడోళ్లూ పెట్టిన కేకకి కాలవలో కొంగలు లేచిపోయినాయంట.

తెల్లారేసరికి ఊరంతా ఒకటే మాట. ఐసు ఫ్యాక్టరీలోది ఇంగ్లీషు దెయ్యం. దొరల కాలం నాటిది అయ్యుండాల. మస్తానమ్మకి రెండు రోజులు జ్వరం. మూడో రోజు లేచి కూర్చుని, ఇంటికి ఇంకో రెండు కెమెరాలు పెట్టిస్తేగానీ కుదరదన్నది. హజరత్తయ్య కోడలి వైపు చూసినాడు. కోడలు గోడ వైపు చూసింది. వద్దంటే ఎందుకొద్దో చెప్పాల, అది చెప్తే రెండేళ్లుగా రోజూ యాడ కూర్చున్నాడో చెప్పాల. కెమెరాలు పదమూడయినాయి.

ఆ సోమవారమే ఉషారాణికి ఉద్యోగం వచ్చింది. నిజంగానే వచ్చింది. పని పగలే, కానీ రోజూ ఏడు నుంచి ఏడున్నర దాకా వీడియోలో మీటింగు. మామ ఒట్టేసినాడు, ఆ అరగంట కెమెరాలు చూడనని. రెండు రోజులు మాట మీదున్నాడు. మూడో రోజు చెయ్యి దురద పెట్టింది. అరుగు మీద మిగతావాళ్లూ అంతే, ఎదురుగా నిలబడి అడిగితేనే ఆపుతారు. అందుకని ఇప్పుడు రోజూ పొద్దుగుంకగానే మామ టార్చిలైటు, కోడలి కుర్చీ పట్టుకుని ముందు నడుస్తాడు. ఉషారాణి లాప్‌టాప్ సంచీతో వెనక. రొయ్యలకి మేత పెట్టడం నేర్చుకుంటా ఉందని మస్తానమ్మ వీధిలో గొప్పగా చెప్పుకుంటుంది.

మొన్న ఆఫ్తాబ్ దారిలో ఆపినాడు.

"అక్కా, ఒకటి అర్థం కావడం లేదు. ఏడు నుంచి ఏడున్నర దాకా ఊళ్లో నెట్టు ఎప్పుడూ లేనంత బ్రహ్మాండంగా ఉంటుంది. వాడుకునేదానికి మాత్రం ఇళ్లల్లో సగంమంది ఉండరు. మా నాయన కూడా ఉండడు. ఏడున్నర కాగానే మళ్లీ పడిపోతుంది." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించినాడు. "ఆ ఐసు ఫ్యాక్టరీ కాడ ఏమన్నా ఉందా?"

ఉషారాణి ఒక్క క్షణం ఆలోచించింది. నిజం చెప్పినోడు ఆ ఊళ్లో మొదట్నించీ ఈ అబ్బాయొక్కడే. చెప్పేద్దామా అనుకుంది. అంతలో అరుగు గుర్తొచ్చింది, నాలుగు గీతలు గుర్తొచ్చినాయి. ఏడింటికి మీటింగు గుర్తొచ్చింది.

కళ్లు పెద్దవి చేసింది. పైట చెంగు నోటికడ్డం పెట్టుకుంది.

"ఉంది అబ్బయా," అన్నది గుసగుసగా. "నేను కళ్లారా చూసినా. తెల్లటి మొహం... ఇంగ్లీషు మాట్లాడతా ఉంది. నువ్వు చిన్నోడివి, అటు పోవద్దు."

నేను మొదట్లోనే చెప్పింది కూడా అదే. పొద్దుగుంకినాక అటు పోవద్దండి. ఇప్పటికే అరుగు మీద కూర్చునేదానికి చోటు లేదు.